కొండవాడి స్కాలర్‌షిప్పు

“సొక్కా ఇప్పరా బేగి! దొర బయటికొచ్చీలోగా మసి పుయ్యాల!” అని గవరయ్య కొడుకుని గదిమాడు.

లంబసింగి మంచులో, కాఫీ తోట దొర బంగళా వెనక, పనసచెట్టు చాటున సింహాచలం గోచితో నిలబడి గజగజ వణుకుతున్నాడు.

“సలేత్తంది నాన్నా. ఈ ఏసాలన్నీ ఎందుకు? కాలేజీ కర్సేదో నువ్వే ఎట్టుకోవచ్చు గదా.”

“నానెందుకెట్టాల? ఉప్పు కొలవడానికి కాలేజీ సదువేటిరా? ఊరికే వత్తే సదువుకో. లేదా, కొట్లో కూకో.”

సింహాచలానికి మరో దారి లేదు. స్కూలు ఫైనలు ప్యాసయ్యాడు. పట్నం కాలేజీలో చేరకపోతే బతుకంతా ఉప్పు బస్తాల మధ్యనే. ఆ ఏడే కొత్త యూనివర్సిటీ వచ్చిందన్న సంబరంలో దొర, కాలేజీలో చేరే కుర్రవాడొకడికి సొంత డబ్బుతో స్కాలర్‌షిప్పు ఇస్తానని సంతలో చాటింపు వేయించాడు. అయితే వాడు కొండవాడై ఉండాలి. మైదానం నుంచి వచ్చి సంతలో కొట్టు పెట్టిన గవరయ్యకి అది పెద్ద అడ్డుగా తోచలేదు. దొర ఏనాడూ కొట్టుకి రాడు, సరుకులు బట్లరే పట్టుకుపోతాడు.

గవరయ్య తనూ తలపాగా తీసి, గోచి బిగించి, బొజ్జకి మసి రాసుకున్నాడు.

“నీ పేరేటి?”

“సింహా...”

మొట్టికాయ పడింది.

“సోంబరు!” అని సింహాచలం తండ్రి నేర్పిన కొండపేరు చెప్పాడు.

“అయ్య పేరు?”

“గవ... గాసి.”

“అదీ! నువ్వు నోరిప్పకు. నాను మాటాడతాను.”

వరండాలో దొర పైపు కాలుస్తూ కూర్చున్నాడు. పాతికేళ్లుగా కొండల్లో ఉన్నవాడు కాబట్టి తెలుగు బాగానే వచ్చు. ఆయన కాళ్ల దగ్గర దూడంత కుక్క. ఎదురుగా, స్కాలర్‌షిప్పు కోసమే వచ్చిన సుక్రు అనే కుర్రవాడు. కోటు, బూట్లు, చంకలో గొడుగు. అసలైన కొండవాడే, కాని చిన్నప్పుడే నర్సీపట్నం బడికి వెళ్లి అక్కడే పెరిగాడు. దొర ఏమడిగినా ఇంగ్లీషులో జవాబు చెబుతున్నాడు. చెప్పినకొద్దీ దొర మొహం చిన్నబోతోంది.

“నువ్వు చెట్టు ఎక్కగలవా?” అని దొర విసుగ్గా తెలుగులో అడిగాడు.

“ఎక్కలేనండి. కోటు అరువుది, చిరిగిపోతుంది.”

“పులిని చూశావా?”

“లేదండి. పులంటే నాకు భయం.”

దొర నిట్టూర్చి ఇటు తిరిగాడు. గవరయ్య నేలకి వంగి దండం పెట్టి కొడుకుని ముందుకి తోశాడు. ఆ కొత్త వాసనకి కుక్క లేచి ఒక్క మొరుగు మొరిగింది. సింహాచలానికి చిన్నప్పటినుంచీ కుక్కలంటే ప్రాణభయం. కెవ్వున అరిచి, మెట్ల పక్కన తాడిచెట్టులా నిటారుగా ఉన్న జీలుగు చెట్టుని పట్టుకుని, అది ఎలా ఎక్కాలో తెలియకుండానే మట్టల దాకా పాకేశాడు.

“భళా!” అని దొర కుర్చీలోంచి లేచాడు. “కోతి కూడా ఇంత వేగంగా ఎక్కదు!”

గవరయ్యకి ఊపు వచ్చింది. “ఇదేటి దొరా! సెట్లెక్కడం మాకు ఆట. పులొత్తే మాత్తరం నాను ఒకర్నే ఎల్తాను. సేతిలో కర్ర సాలు. గొడ్డుని తోలినట్టు తోలేత్తాను.”

“తుపాకీ లేకుండానా?”

“తుపాకీ ఏటికి దొరా? నన్ను సూత్తే అదే తోక ముడుత్తాది!”

చెట్టుమీద సింహాచలం కళ్లు మూసుకున్నాడు.

దొర వరండాలో అటూ ఇటూ తిరిగి, చివరికి సుక్రు భుజం తట్టాడు. “స్కాలర్‌షిప్పు నీకే. నువ్వు కొండకి ఎలాగూ పనికిరావు. నీలాంటివాడు కాలేజీలో ఉండటమే మంచిది. ఆ సోంబరు ఉన్నాడే, వాడు అడవి బిడ్డ. గదిలో కూర్చోబెట్టి వాడిని పాడు చెయ్యలేను.”

సింహాచలం పట్టు జారి దబ్బున కింద పడ్డాడు. నడుము నొప్పి కన్నా ఆ మాటే ఎక్కువ నొప్పించింది.

దొర గవరయ్య వైపు చూసి నవ్వాడు. “గాసీ! నిన్న రాత్రి పులి నా ఆవుని చంపింది. ఇప్పుడు వాగు పొదల్లో పడుకుని ఉంది. నువ్వు కర్రతో ఇటు తోలు, నేను మంచె మీద నుంచి కాలుస్తాను.” లోపలికి కేకేశాడు. “ఇతనికి మంచి కర్ర ఒకటి తెండి!”

గవరయ్య ఒంటిమీద మసి చెమటకి కారిపోసాగింది. “బాబోయ్! నాను గాసిని కాదు దొరా! కొట్టు గవరయ్యని!”

దొర పకపకా నవ్వాడు. “మంచి వేటగాడికి వేళాకోళం కూడా వచ్చు! సోంబరూ, నువ్వు చెప్పు. ఇతనెవరు?”

నౌకరు కర్ర తెచ్చి గవరయ్య చేతిలో పెట్టాడు. సింహాచలం నడుము పట్టుకుని లేచి, తండ్రి దగ్గరికి వచ్చి చెవిలో మెల్లిగా అడిగాడు.

“కాలేజీలో సేర్పిత్తావా?”

“సేర్పిత్తాన్రా! సెప్పు ముందు!”

“హాస్టలు కర్సు?”

“ఇత్తాను!”

“పుస్తకాలు?”

“కొంటాన్రా నాయనా, కొంటాను! బేగి సెప్పు!”

సింహాచలం ఒంటికి అంటిన దుమ్ము దులుపుకుని, దొరకి చేతులు జోడించి, సుక్రుకి ఏమాత్రం తీసిపోని ఇంగ్లీషులో చెప్పాడు:

“దొరగారూ, వీరు సంతలో ఉప్పు కొట్టు గవరయ్యగారు. తమరి తరవాత ఈ కొండల్లో కాలేజీ చదువుకి స్కాలర్‌షిప్పు ఇస్తున్నది వీరొక్కరే.”