రెండు హారన్లు

లాడ్జి గేటు ముందు కారు ఆపగానే మా ఆవిడ నా మీదుగా చెయ్యి చాచి రెండుసార్లు హారన్ కొట్టింది.

"చూస్తూ ఉండండి, కుంటోడు ఎలా పరిగెత్తుకొస్తాడో!" అంది, బిస్కెట్ పొట్లం విప్పుతూ.

కిందటి ప్రయాణంలో మాకు రోడ్డు పక్కన కాలు విరిగి దొరికిన వీధికుక్క వాడు. ఇరవై రోజులు ఈ లాడ్జిలోనే ఉండిపోయి వైద్యం చేయించాం. కాలు అతుక్కుంది కానీ, బండి చప్పుడు వింటే చాలు వణికిపోయేవాడు. ఆ భయం పోవాలని రోజూ హారన్ కొట్టి, కారు తలుపు దగ్గరే బిస్కెట్లు పెట్టాం. డాక్టరు మెచ్చుకున్నాడు. మమ్మల్ని మేమూ తక్కువేం మెచ్చుకోలేదు.

కుక్క రాలేదు. వాచ్‌మన్ వచ్చాడు.

"హారన్ కొట్టకండమ్మా."

"మా కుంటోడు ఏడి బాబాయ్?"

"మీరు వెళ్ళాక ఎవరు హారన్ కొట్టినా మీరే అనుకుని రోడ్డు మీదికి పరిగెత్తేది. నెల తిరక్కుండానే లారీ కింద పడింది."

"మేం దానికి భయం పోగొట్టాం కదా..." అన్నాను.

"అవునయ్యా. పోగొట్టారు."

అంతలో గేటు సందులోంచి ఓ కుక్కపిల్ల తోకాడిస్తూ కారు దగ్గరికొచ్చింది. వాచ్‌మన్ వంగి, రాయి తీసి విసిరాడు. అది కుయ్యోమంటూ లోపలికి పారిపోయింది.

కుక్క మీద చెయ్యెత్తితే ఊరుకునే మనిషి కాదు మా ఆవిడ.

బిస్కెట్ పొట్లం మూతి మడిచి, కారు అద్దం పైకెత్తేసింది.