మంచు నిలవని గీత

స్నేహితుడు శ్యామ్‌సుందర్ మాట వినకపోయి ఉంటే తన కరివేపాకు బతికేదని సత్యం ఇప్పటికీ అంటాడు.

ఫర్నేస్ అన్నిటికన్నా పెద్దది కొనమన్నది అతనే. భూమిలో వేసే గొట్టాలు మాత్రం కంపెనీవి దండగ, మామూలువి తెచ్చి వేడి పోకుండా మనమే ఫోమ్ చుట్టుకుందామన్నదీ అతనే.

అరోరా నగరానికి పడమరగా నలభై మైళ్ల అవతల సత్యానికి కాస్త పొలం, పాత ఇల్లు, ప్లాస్టిక్ కప్పిన గ్రీన్‌హౌస్ ఉన్నాయి. అందులో ఆరువందల నలభై కరివేపాకు మొక్కలు. ఏప్రిల్‌లో ఇండియన్ స్టోర్ల వాళ్లు వచ్చి పట్టుకుపోతారు. అప్పటిదాకా అవి బతికితేనే బ్యాంకు నుంచి పొలం దక్కేది.

గ్యాసు కొనే తాహతు లేక పెట్టించిన కట్టెల ఫర్నేస్ అది. పెరట్లో బాత్రూమంత ఇనుప గది. లోపల కట్టెలు మండితే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. ఆ నీళ్లు భూమిలోని గొట్టాల గుండా ఇంటికీ గ్రీన్‌హౌస్‌కీ వెళ్తాయి.

డిసెంబరులో మంచు పడింది. పొలమంతా తెల్లబడినా ఫర్నేస్ నుంచి గ్రీన్‌హౌస్ దాకా మూరెడు వెడల్పున నేల నల్లగా కనిపించింది. అక్కడ మంచు నిలవలేదు.

వచ్చినవాళ్లందరికీ సత్యం ఆ గీత చూపించి, అదీ మన ఫర్నేస్ సత్తా అనేవాడు.

ఒక మధ్యాహ్నం మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన మొక్క కొనడానికి వచ్చాడు. పేరు ధర్మారావు. విజిటింగ్ వీసా మీద కూతురింటికి వచ్చాడట. ఆ కూతురు రేణు కారులోనే కూర్చుంది.

ఆయన చూపు మొక్క మీద లేదు. నల్ల గీత వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. కట్టె ఒకటి తీసి గోటితో గీరాడు.

"పచ్చి కట్టె బాబూ. అదీ కాక, ఇంత తగలేసి భూదేవికి చలిమంట వేస్తున్నారు."

"తమరు కరివేపాకుకొచ్చారా, పాఠం చెప్పడానికొచ్చారా?"

సత్యం ఏడో తరగతితో బడి మానేసినవాడు. నీతులు చెప్పేవాళ్లంటే ఒళ్లుమంట.

వారం తిరక్కుండా ధర్మారావు మళ్లీ వచ్చాడు. ఇంకో మొక్క కొన్నాడు. పార ఉంటే ఇవ్వమన్నాడు. తవ్వి ఆ గొట్టాలు చూస్తానన్నాడు. డబ్బులేమీ వద్దన్నాడు.

సత్యానికి అనుమానం వచ్చి శ్యామ్‌సుందర్‌కి ఫోన్ చేశాడు.

"విజిటింగ్ వీసా వాళ్లు ముందు ఫ్రీ అనే అంటారన్నా. రేపు గోతిలో పడి కాలు విరిగితే హాస్పిటల్ బిల్లు నీకే."

మూడోసారి వచ్చినప్పుడు సత్యం గేటు దగ్గరే ఆపేశాడు. మొక్క కావాలంటే ఇస్తాను, పని మాత్రం లేదన్నాడు.

ధర్మారావు మూడో మొక్క చంకలో పెట్టుకున్నాడు.

"ఎల్లుండి ఫ్లైట్ బాబూ. నాకు ఒక్క పూట చాలు."

సత్యం గేటు వేసేశాడు. పార ఇస్తే మన సొమ్మేం పోయేదని భార్య రాధారాణి గొణిగింది. నోరు మూసుకోమన్నాడు.

2014 జనవరి, మొదటి సోమవారం. తెల్లారేసరికి చలి ఫారెన్‌హీట్‌లో సున్నాకు పదహారు డిగ్రీల కింద ఉంది.

ఫర్నేస్ ముల్లు నూట ఎనభై చూపిస్తోంది, నీళ్లు మరగడానికి కాస్త తక్కువ. గ్రీన్‌హౌస్‌లో గొట్టాన్ని మాత్రం చేత్తో పట్టుకోవచ్చు, గోరువెచ్చగా ఉంది.

కట్టెలు కుక్కాడు. పొగే గానీ మంట లేదు. శ్యామ్‌సుందర్‌కి ఫోన్ చేస్తే ఇంకా వేయమన్నాడు. తర్వాత ఫోనే ఎత్తలేదు. రాధారాణి దుప్పట్లు అయిపోయి మొక్కల మీద పట్టుచీరలు కప్పింది. కట్టెలు అయిపోయి సత్యం డైనింగ్ టేబుల్ విరగ్గొట్టాడు.

"ఆ పెద్దాయన నంబరుందా?" అంది ఆమె.

లేదు. అడిగితే కదా.

పార పట్టుకుని తనే నల్ల గీత మీద తవ్వాడు. రెండడుగుల లోతులో నీళ్లు నిలిచి ఉన్నాయి. చుట్టిన ఫోమ్ టీలో నానిన బిస్కెట్‌లా చేతికి ఊడి వచ్చింది. వేడి నీళ్లు ఇన్నాళ్లూ ఆ మడుగుని కాగబెడుతున్నాయి. గోతిలోంచి ఆవిరి లేచి సత్యం ముఖానికి వెచ్చగా తగిలింది.

మధ్యాహ్నానికి ఆకులన్నీ ఉడికినట్టు నల్లబడ్డాయి.

ఏప్రిల్‌లో రేణు వచ్చింది. డిక్కీలోంచి మూడు కుండీలు దించింది. మూడూ చిగుళ్లు వేసి ఉన్నాయి.

"మీ మొక్కలు పోయి ఉంటే ఇవి తిరిగిచ్చేయమన్నారండీ నాన్నగారు. పిలకలు తీసుకోవచ్చట."

"మరి మీకో?"

"మా ఇంట్లో ముందే రెండున్నాయి. ఆయన మొక్కల కోసం రాలేదండీ. గుడికి వెళ్తుంటే కారులోంచి మీ పొగ చూశారు. ఆ పొగ రంగు బాలేదని మూడుసార్లు నాతో డ్రైవ్ చేయించారు."

సత్యం కుండీల వైపే చూస్తూ, ఆయన ఇండియాలో ఏం చేసేవారమ్మా అని అడిగాడు.

ఆమె జవాబు చెప్పేసరికి బ్యాంకు మనిషి గేటుకు కొత్త తాళం బిగిస్తున్నాడు. సత్యం పార ఇవ్వనిది చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు బాయిలర్ నడిపి ఒక్క సీజన్‌లోనూ దాన్ని ఆరనివ్వని మనిషికి, పోగొట్టుకున్నది నాలుగెకరాల ఇరవై సెంట్లు.