హోరు పోయాక

మరమగ్గాల మోతలో పనిచేసి నన్ను చదివించిన నాన్నకు చెవులు పోయాయి. నేను చేసిచ్చిన వినికిడి యంత్రంలో ఆయనకు కరెంటు హోరు తప్ప ఏమీ వినిపించలేదు. "ఇంజనీరమ్మా, చెవిలో తుమ్మెదను పెట్టావు" అని నవ్వేవాడు.

అందుకే ఆ ఒక్క హోరును కోసేసే నాచ్ ఫిల్టర్ గీశాను. కంప్యూటర్‌లో నడిపి చూస్తే, సరిగ్గా కరెంటు హోరుండే యాభై హెర్ట్జ్ దగ్గర గ్రాఫ్ గీత లోయలా దిగింది. ఆ రాత్రే సర్క్యూట్ సోల్డర్ చేసి, యంత్రం నాన్న చెవికి పెట్టాను.

"హోరు పోయిందా నాన్నా?"

"పోయింది తల్లీ. నీ గొంతు ఎంత మారిపోయిందో." ఆయన కళ్ళు చెమర్చాయి. కాసేపు తల వంచి విన్నాడు. "నీ పక్కన ఆవిణ్ణి కూడా కాస్త గట్టిగా మాట్లాడమను."

నేను తలుపు వైపు చూశాను. గడియ వేసే ఉంది.

"ఇంట్లో మనిద్దరమే కదా నాన్నా."

ఆయన ముఖంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది.

"అదే అంటోంది తల్లీ, ఆవిడ కూడా."