గాడీ రోకో!

వెనక్కి తిరిగి చూడకూడదని వెరోనికా గట్టిగా అనుకుంది. అనుకున్న మరుక్షణమే చూసింది.

వాడింకా వస్తూనే ఉన్నాడు. గళ్ల లుంగీ, మాసిన గడ్డం, చేతిలో కొబ్బరిబొండాలు కొట్టే కత్తి.

"ఏ లడ్కీ! రుకో! గాడీ రోకో!"

ఆపడానికి ఆమెకేమైనా పిచ్చా? స్కూటీ వేగం ఇంకాస్త పెంచింది.

బతు బస్తీ బేకరీలో కేకు కొని, ఫోనులో మెసేజీ చదువుకుంటూ బయటికొచ్చి, బండెక్కి కదిలిందో లేదో, రోడ్డు అవతలి నుంచి ఈ మహానుభావుడు పరిగెత్తుకొచ్చాడు. అండమాన్‌లో తాళంచెవి బండికే వదిలేయడం అలవాటు. ఎత్తుకెళ్లినవాడు సముద్రం మీద నడుపుకుంటూ పోతాడా ఏమిటి? ఆ అలవాటే ఇవాళ ఆమెను కాపాడింది. తాళం కోసం సంచి వెతుక్కుంటూ నిలబడి ఉంటే, ఈపాటికి బొండాం కొట్టినట్టు కొట్టేసేవాడు.

పొద్దున తండ్రి కృపానందంతో ఎంత యుద్ధం చేసింది!

"పద్దెనిమిదేళ్లొచ్చాయి, లైసెన్సుంది. ఒక్కదాన్నే వెళ్తా డాడీ. నన్నెవడేం చేస్తాడు?"

"ఒక్క లఫ్డా తెచ్చావంటే గాడీ మళ్లీ ముట్టనియ్యను" అన్నాడాయన.

కాబట్టి ప్రాణం పోయినా ఫరవాలేదు గానీ, బండి పోకూడదు.

వాడు దారినపోయే ఆటో ఎక్కాడు. వెరోనికా "ప్రభువా, కాపాడు" అంటూనే ఒక చేత్తో ఫోను తీసి వాణ్ణి వీడియో తీసింది. మలుపులో ఇసుక లారీకి జానెడు దూరంలో తప్పుకుంది. అదీ ప్రమాదమేనని ఆమెకు తోచనే లేదు. ప్రమాదమంటే గడ్డం ఉండాలి, కత్తి ఉండాలి.

సిప్పీఘాట్ మొదట్లో ఆటోస్టాండు కనిపించింది.

"బచావో భయ్యా! ఆ కత్తోడు నా పీఛే పడ్డాడు!"

డ్రైవర్లంతా రోడ్డుకి అడ్డం నిలబడ్డారు. వాడేదో మొత్తుకుంటున్నాడు. కత్తి పట్టుకుని మొత్తుకుంటే వినేదెవరు? కాలరు పట్టి కిందికి లాగారు. వెరోనికా గర్వంగా హారన్ కొట్టి ఇంటిదారి పట్టింది.

కథంతా విని తల్లి ప్రేమావతి గుండెలు పట్టుకుంది.

"బాప్‌రే! స్తోత్రం ప్రభువా! నా కూతురు సింహం!"

"చూశారుగా? ఇంక రోజూ నేనే గాడీ తీస్తా" అంది వెరోనికా, ఇదే అదనని.

ఆ మాటకి ప్రేమావతి సరేనని తలూపింది. వెరోనికా కేకు డబ్బా విప్పి పెద్ద ముక్క తనకే కోసుకుంది.

కృపానందం మాత్రం వాకిట్లోకి వెళ్లి, బండి చుట్టూ ఓసారి తిరిగొచ్చి, "అచ్ఛా, అంతా బానే ఉంది గానీ, ఈ స్కూటీ ఎవరిదే?" అని అడిగాడు.