గిటారు మళ్లీ ఊడింది

"మళ్లీ ఊడిందా?" అంది గిటార్ల మేస్త్రి కూతురు. కొట్టు గుమ్మంలో కుట్టుపని ఆవిడ గిటారు పెట్టె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. "అతికించి వారం కాలేదు కదా పిన్నిగారూ."

"ఏం చెయ్యనమ్మా. పొద్దున లేచి చూస్తే ఊడి ఉంది." ఆవిడ లోపలికి వచ్చి, పెట్టె బల్ల మీద పెట్టి, గుడ్డపీలిక చుట్టిన వేలిని పిడికిట్లో దాచుకుంది.

మేస్త్రి కళ్లజోడు సర్దుకుని పెట్టె తెరిచాడు. పడుచుతనంలో తన చేతులతో చేసిన గిటారు. పైచెక్క తేనెరంగు తిరిగింది గాని ఎక్కడా బీట లేదు. తీగెలు కట్టే బ్రిడ్జి చెక్క మాత్రం పాలపన్నులా ఊడి వేలాడుతోంది.

"చూశావా నాన్నా? నేను చెబితే చాదస్తం అంటావు. ఒకప్పుడు నువ్వు అతికిస్తే ఏనుగు లాగినా వచ్చేది కాదు. ఇప్పుడు నీ చేతిలో పట్టు పోయింది. ఇవాళ చెక్క ఊడింది, రేపు ఉలి జారుతుంది. ఈ కొట్లో ఒక్కడివీ నెత్తురు కారుతూ పడి ఉంటే ఎవరికి తెలుస్తుంది? నువ్వు ఫోను ఎత్తడం కాస్త ఆలస్యమైతే నా గుండె జారి కాళ్లలోకి వస్తోంది."

"చేతులకి బంక ఉంటుందే, ఎలా ఎత్తను?"

"ఆ బంక ఫోనుకి అంటుకుంటుంది గాని గిటారుకి అంటుకోదు."

మేస్త్రి బ్రిడ్జి అడుగున అంటుకున్న నీలం దారప్పోగును గోటితో తీసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

"సాయంత్రం కొట్టుకి తాళం వేసేద్దాం. నువ్వు మా ఇంటికి వచ్చెయ్. నీ దగ్గరికి వచ్చేది ఈ ఒక్క గిటారే. అదీ నిలవడం లేదు. ఇంక దేని కోసం తెరవాలి?"

గోడకు వేలాడే గిటారు అచ్చుల మీద దుమ్ము. రంపాల మీద దుమ్ము. ఉన్న రెండు కుర్చీల మీద మాత్రం లేదు.

మేస్త్రి ఆ కుర్చీల వైపు కాసేపు చూశాడు.

"నువ్వన్నది నిజమేనే. చెయ్యి తప్పుతోంది" అన్నాడు. "వేసేద్దాంలే."

కుట్టుపని ఆవిడ పెట్టె మూత మీద చెయ్యి వేసి, తీసి, మళ్లీ వేసింది.

"మీ నాన్నగారి చేతిలో తప్పేం లేదమ్మా" అంది. "నేనే ఊడదీస్తున్నాను."

కూతురు తెల్లబోయి చూసింది.

"మొదటిసారి దానంతటదే ఊడింది. ఈ బంక వేడికి వదులుతుందని అప్పుడు ఆయనే మాటల్లో చెప్పారు. అప్పట్నించీ తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తున్నాను. మెత్తబడ్డాక అట్లకాడతో లేపుతాను."

"ఎందుకండీ, అంత మంచి గిటారుని?"

"ఇది మా ఆయనది. ఆయన పోయాక వాయించేవాళ్లు లేరు. బాగు చేశాక మీ నాన్నగారు ఒకసారి వాయించి చూస్తారు కదా. ఆ తర్వాత ఇద్దరం టీ తాగుతాం. ఇంటికి వెళితే మిషను చప్పుడు తప్ప ఏముంది?" ఆవిడ తల దించుకుంది. "ఊరికే వచ్చి కూర్చుంటే ఏం బాగుంటుంది? ఏదో ఒక పని ఉండాలి కదమ్మా."

కూతురు కోపమంతా తండ్రి మీదికి తిరిగింది.

"పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ చెక్కలు అతికించినవాడివి. తనంత తాను ఊడిందో ఎవరైనా ఊడదీశారో నీకు తెలియలేదా? నా చేత ఇన్ని మాటలు పడి, చెయ్యి తప్పుతోందని ఎందుకన్నావు?"

మేస్త్రి కుట్టుపని ఆవిడ పిడికిలి వైపే చూస్తున్నాడు.

"మళ్లీ కాల్చుకున్నారా?" అన్నాడు. "కిందటిసారి మీ వేలు చూసే, ఈసారి బంక పల్చగా కలిపానమ్మా. ఇస్త్రీపెట్టె అక్కర్లేదు, వేడినీళ్ల గుడ్డ అద్దినా వచ్చేసేది."