పోగుకు ముడి

అనికేత్ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి గిటార్ ఆంప్ మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది.

పొద్దున తనే బంద్ చేసి ప్లగ్ తీసి పోయాడు. ప్లగ్ ఇప్పుడూ తీసే ఉంది. కాని మూడు మీద ఉంచిన వాల్యూమ్ నాబ్ ఆరు మీదికి వచ్చింది. ట్రెమొలో నాబ్ చివరిదాకా తిరిగి ఉంది. శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ తాళం వేసినట్టు ఊపే నాబ్ అది. అనికేత్ దాన్ని ఎన్నడూ ముట్టలేదు.

ఎవరో వాడారు. వాడి, ప్లగ్ తీసి దాచాలని చూశారు.

అది వాల్వు ఆంప్. వెనక గాజు వాల్వులు వెలుగుతాయి, పాత రేడియోల్లో లాగా. మూడు మీద పెడితే గిటార్ తీగ తీగలాగే పలుకుతుంది. ఆరు మీద పెడితే స్వరం చిక్కబడుతుంది. గట్టిగా మీటితే అంచున చిరుగుతుంది. ఆ చిరుగు కోసమే జనం ఇలాంటి ఆంప్ కొంటారు. ఆరు మీద నడిచిన ప్రతి గంటా వాల్వు ఆయుష్షులోంచి పోతుంది. ఈ వాల్వులకు ఆయుష్షు మిగిలింది కొంచెమే. కొత్తవి ముంబై నుంచి రావడానికి నెల పడుతుందన్నారు.

రికార్డింగ్ ఆదివారం.

కొంతం చౌక్ దగ్గరి స్టూడియోలో. పుణె నుంచి వచ్చే సంగీత దర్శకుడు ఫోన్లో ఒకటే చెప్పాడు, తనకు ఆ ఆంప్‌లోంచి వచ్చే స్వరమే కావాలని. ఆంప్ మూగబోతే ఆ కుర్చీలో శుభమ్ కూర్చుంటాడు. అనికేత్ వాయించే ఆర్కెస్ట్రాలో శుభమ్ రెండో గిటార్. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి ప్రాక్టీసుకని వస్తుంటాడు. ఈ ఇంటి తాళంచెవి ఎక్కడుంటుందో అతనికి తెలుసు.

అనికేత్ ముందుగా అనుమానించింది శుభమ్‌నే.

ఆంప్ ఉన్నది ముందుగదిలో. పెద్ద గది, ఖాళీ గది. మీటిన ప్రతి స్వరం గోడలకు తగిలి తిరిగి వస్తుంటే అనికేత్ చుట్టూ చద్దర్లు వేలాడదీశాడు. నేలలో బోల్టుల గుంతలున్నాయి. ఆంప్ కాలు వాటిలో పడకుండా అట్టముక్క పెట్టాడు. పోయిన ఏడాది ఇదే ఇంట్లో ఆరు మీద వాయించినా భవాని పేట్‌లో ఎవరూ తల తిప్పలేదు. ఇప్పుడు మూడు దాటితే పక్కింటి పెంటయ్య కిటికీ కొడతాడు.

అందుకే అనికేత్ పోయి పెంటయ్యను అడిగాడు. మధ్యాహ్నం పూట తమ ఇంట్లోంచి చప్పుడు వస్తోందా అని.

"వస్తది," అన్నాడు పెంటయ్య. "పాట గాదు, ఒట్టి మోత."

"మరి దానికి కిటికీ కొట్టవా కాకా?"

"నీ పాటకు కొడత. దానికి కొట్ట," అని పెంటయ్య లోపలికి పోయాడు.

ఈ ముసలాయనకు కూడా ఏదో తెలుసని అనికేత్‌కు అర్థమైంది.

మర్నాడు ఒక నూలు పోగు తీసి, ఒక కొసను వాల్యూమ్ నాబ్‌కూ ఇంకో కొసను ఆంప్ అంచుకూ మైనంతో అంటించి డ్యూటీకి పోయాడు. నాబ్ తిప్పితే పోగు తెగాలి. సాయంత్రం చూస్తే పోగు ఉన్నట్టే ఉంది. ఆంప్ మాత్రం వెచ్చగా ఉంది.

ఫోన్ లైటు వేసి వంగి చూశాడు. పోగు నడుమ ముడి. వేలితో రాస్తే తగలనంత చిన్నది. పద్మశాలి ఇంట్లో పుట్టినవాడు ఆ ముడిని పోల్చుకోవడానికి రెండోసారి చూడక్కర్లేదు. పోగు తెగి కనబడితే ఈ ఇంటి చేతులు ముడి వేసేస్తాయి. ఎందుకు తెగిందని ఆలోచించవు.

శుభమ్ ఇంట్లో బీడీలు చుడతారు. ఆ ముడి అతనికి రాదు.

అయితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

నాయిన లింగయ్య కొన్నాళ్ళుగా సరిగ్గా మాట్లాడటం లేదు. కళ్ళు ఎర్రగా ఉంటాయి. రాత్రిళ్ళు మిద్దె మీద తిరుగుతుంటాడు. గిటార్ అంటే మొదటినుంచీ పడదు. మొన్న ఆంప్‌ను కాలితో చూపిస్తూ, "గీ డబ్బను పాత ఇనుము కొనే భంగారోనికి ఏస్తే కిలోకు ఎంతిస్తడో నాకెర్కే," అన్నాడు. అంటూ నవ్వలేదు.

ఆంప్ ఎవరు ముట్టారని అనికేత్ అమ్మను అడిగాడు. చంద్రభాగ పొయ్యి దగ్గరినుంచి తల తిప్పకుండా, ఎలుక తిరిగిందేమో అంది.

"ఎలుక ముడేస్తదా అమ్మా?"

ఆమె గ్యాస్ మంట తగ్గించింది. మళ్ళీ పెంచింది.

శనివారం తలనొప్పని చెప్పి అనికేత్ మధ్యాహ్నమే డ్యూటీ నుంచి బయల్దేరాడు. గల్లీ మలుపులోనే వినబడింది. ధక్, ధక్, ధక్. గిటార్ కాదు. వైరు ఒక కొస ఆంప్‌లో పెట్టి రెండోది వదిలేస్తే వచ్చే గుర్రు. ట్రెమొలో ఆ గుర్రును ముక్కలు కోస్తోంది. వాల్వులు మాడిపోవడానికి ఇది చాలు.

చంద్రభాగ గడపలో కూర్చుని ఉంది. కాపలా కూర్చున్నట్టు. కొడుకును చూసి లేచి, పెదవుల మీద వేలు పెట్టింది.

"నాయినను ఎనకేసుకురాకు," అన్నాడు అనికేత్. "రేపు నా రికార్డింగ్. ఇయ్యాల వాల్వు పోతే నా బతుకు మళ్ళ మొదటికొస్తది."

ఆమెను దాటుకుని లోపలికి పోయాడు. లింగయ్య ఆంప్ ముందు నేల మీద పడి ఉన్నాడు. చెయ్యి ఒక బోల్టు గుంత మీద ఉంది. నోరు తెరుచుకుని ఉంది. అనికేత్ వంగి వాసన చూశాడు. తాగలేదు.

స్విచ్ మీదికి చెయ్యి చాచాడు. చంద్రభాగ అతని మణికట్టు పట్టుకుంది. విడిపించుకోబోతే ఆ పట్టు వదల్లేదు.

"ఆపకురా," అంది ఆమె, అతని చెవి దగ్గర. "గీ అర్రల కరెంటు మగ్గాలు భంగార్ బండెక్కినప్పటి సంది మీ నాయినకు నిద్ర పట్టేది గీ చప్పుడుకే."