చివరి రింగు దాకా

నజ్మా మళ్లీ జారి పడింది.

నడుస్తున్న ఆడవాళ్లు ఒకసారి తిరిగి చూసి, నవ్వుకుంటూ ముందుకు సాగిపోయారు. ఆమె లేచి దుమ్ము దులుపుకుంది. తాడిపత్రి పార్కులో గడ్డి ఎప్పుడో ఎండిపోయింది. పడితే దెబ్బ తగలాల్సిందే.

పైన ఇనుప కడ్డీకి గొలుసులతో వరసగా రింగులు వేలాడుతున్నాయి. ఒకటి పట్టుకుని ఊగాలి. ఆ ఊపులోనే రెండోది అందుకోవాలి. అట్లా కాళ్లు నేలకు తగలకుండా చివరి దాకా పోవాలి. కాలేజీ పిల్లలు పందెం వేసుకుని ఆడే ఆట. నలభై దాటిన నజ్మా, చున్నీ నడుముకు బిగించి రోజూ అదే ఆడుతోంది. సగం దూరం పోయేసరికి చేతులు పట్టు తప్పుతున్నాయి.

చీరల అంగడి నారాయణమ్మ ఆగింది.

"ఏమ్మే, ఈ వయసులో కోతి మాదిరి ఆ వేలాడేదేంది? మాతోపాటు నడవరాదా?"

"నడక నాకొద్దులేక్కా."

"మీ ఆయన్ని ఒక్క దినమన్నా పిల్చుకోని రావు. ఉండాడా, లేడా?"

"ఉండాడక్కా. ఇంట్లోనే."

"నువ్వు ఈడ ఊగులాడేది ఆయప్పకు తెలుసా?"

నజ్మా తల అడ్డంగా ఊపింది.

నారాయణమ్మ మూతి తిప్పుకుని పోయింది. మర్నాటి నుంచి పలకరింపులు బందయ్యాయి. నజ్మా వచ్చి కూర్చుంటే బెంచీ ఖాళీ అయ్యేది. 'మొగునికి చెప్పకుండా వస్తాదంట' అన్న మాట చెవిన పడుతూనే ఉండేది. ఒకప్పుడు వీధంతా వినబడేలా మాట్లాడిన మనిషి నజ్మా. ఇప్పుడు పార్కులో ఆమెకు గొలుసుల కిర్రుమనే చప్పుడే తోడు.

అరచేతులు బొబ్బలెక్కాయి. చితికాయి. రొట్టె తడుతుంటే భగ్గున మండేవి. అయినా మానలేదు.

ఆ రోజు ఊళ్లో తేరు. ఆడవాళ్లంతా గుడికి పోయారు. పార్కులో పురుగు లేదు.

నజ్మా ఊగింది. అందుకుంది. మళ్లీ ఊగింది. ఎప్పుడూ జారిపోయే చోటు దాటింది. భుజాలు పీకుతున్నా వదల్లేదు. చివరి రింగు చేతికి తగిలింది! దిగబుద్ధి కాక, దాన్ని పట్టుకుని కాసేపు అట్లాగే వేలాడింది. చిన్నపిల్లకు మల్లే నవ్వొచ్చింది. నవ్వుతూనే చుట్టూ చూసింది.

చూసినవాళ్లు ఎవరూ లేరు.

గబగబా ఇంటికి వచ్చింది. చేతులు కడుక్కుని లోపలి గదిలోకి పోయింది.

"పొద్దుపొద్దున్నే ఏందా నవ్వు?" అన్నాడు షఫీవుల్లా.

"చెప్తా. ముందు నా మెడ గట్టిగా పట్టుకో."

నాపరాతి గనిలో మీద బండ పడి నడుము చచ్చుబడిన నాటి నుంచి, పక్కిళ్ల మగవాళ్లను బతిమాలి పిలుచుకొస్తే తప్ప మంచం దిగని మొగుణ్ని, నజ్మా తన రెండు చేతులతో ఎత్తి, వాకిట్లో ఎండలో కూర్చోబెట్టింది.